జుట్టు రాలితే – ముందు కారణం, తర్వాతే మందు



రోజుకు 50 నుంచి 100 వెంట్రుకలు రాలడం సహజమే. టైఫాయిడ్ తగ్గాక, కాన్పయ్యాక రెండు మూడు నెలలకు కుచ్చులుగా ఊడినా, చాలామందికి మళ్లీ వస్తాయి. రక్తం తక్కువైనా రాలతాయి, పరీక్ష చేయించాలి.

గుండ్రంగా, నున్నగా ఊడితే మన జన్వాడలో పేనుకొరుకుడు అంటాం. అది పేను కొరికిందీ కాదు, అంటుకునేదీ కాదు. ఒంట్లోని రోగనిరోధక శక్తే పొరబడి కుదుళ్లపై దాడి చేస్తుంది. అలాంటి ఆడపిల్లను బడిలో దూరంగా కూర్చోబెట్టడం, కుదిరిన సంబంధం తప్పించడం న్యాయమేనా? వెల్లుల్లి రుద్ది చర్మం కాల్చుకోకండి; ఉస్మానియా దవాఖానలో చర్మ డాక్టరుకు చూపించండి.

పిల్లల తలలో పొలుసులతో వచ్చే తామర వేరు. అది అంటుకుంటుంది. పూతమందు చాలదు, డాక్టరు రాసిన మాత్రలు పూర్తిగా వాడాలి. దువ్వెన, టోపీ ఎవరివి వారికే ఉండాలి.

రోగాన్ని చూసి భయపడదాం గానీ, రోగిని చూసి కాదు.