తోలుబొమ్మకు సినిమా నడక

పిల్లల పుస్తకంలోని కథను సినిమాగా తీయాలంటే స్టూడియో కావాలా? అక్కర్లేదు. 1926లో జర్మనీ కళాకారిణి లొట్టె రైనిగర్ అరేబియన్ నైట్స్ కథలతో పూర్తి నిడివి సినిమానే తీశారు. నల్ల అట్టతో బొమ్మలు కత్తిరించి, కీళ్లు కట్టి, కింద నుంచి వెలుతురు పడే గాజుబల్ల మీద పరిచారు. బొమ్మను కాస్త జరపడం, ఒక ఫొటో. మళ్లీ జరపడం, మళ్లీ ఫొటో. వరసగా చూపిస్తే బొమ్మ నడుస్తుంది!

మనకు ఈ బొమ్మలు కొత్తా? ధర్మవరం దగ్గర నిమ్మలకుంటకు వెళ్లండి. తోలుబొమ్మల కళాకారులు, పద్మశ్రీ దళవాయి చలపతిరావు గారి ఊరు. మేకతోలును వెలుతురు దూరేంత పలచగా గీకుతారు. చుక్క చుక్కగా తొలిచి, రంగులద్దుతారు. భుజం, మోచేయి విడివిడిగా చేసి దారంతో కడతారు. రైనిగర్‌ది నల్లని నీడ. మనది రంగుల నీడ. అది తెరమీద ఎంత అందంగా ఉంటుందో!

ఇలాంటి సినిమా పిల్లలతో చేయించండి. చిన్న కథ చాలు. రెండు పాత్రలు చాలు. సెకను నడకకు 12 ఫొటోలు. ఫోను కదలకూడదు, వెలుతురు మారకూడదు. మన అనంతపురం ఎండకీ గాలికీ ఆరుబయట కుదరదు. రాత్రిపూట తలుపులు మూసి, ఫ్యాను ఆపి, ఒకే బల్బు వెలుగులో తీయండి.