ఒకే మనిషి, నాలుగు పేర్లు

(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



నేను వృత్తిరీత్యా ఇంజినీరుని. అయితే కార్యదర్శిగారు ఫోన్ చేసి, "నువ్వు కట్టిన వంతెనల సంగతి వద్దు, నీకున్న ఆ పాత కాగితాల పిచ్చి గురించి చెప్పు" అన్నారు. ఆ పిచ్చి మా వంశవృక్షం. కొన్నేళ్ళుగా సెలవు దొరికితే చాలు, రిజిస్ట్రేషన్ ఆఫీసుకో, తహసీల్దారు కచేరీ రికార్డు గదికో, ఎనభై దాటిన పెద్దవాళ్ళ దగ్గరికో వెళ్తున్నాను. ఈ పనిలో కాగితం దొరకడమే కష్టమని అందరూ అనుకుంటారు. నిజానికి దొరికిన కాగితంలో ఉన్న మనిషి మనవాడా కాదా అని తేల్చడం అంతకంటే కష్టం. ఎందుకంటే మన పెద్దవాళ్ళు ఒక్కొక్కరికి ఒక్క పేరు కాదు.

ముందుగా ఒక చిన్న ప్రశ్న. ఈ హాల్లో ఎంతమందికి సర్టిఫికెట్‌లో పుట్టినరోజు జూలై ఒకటి? (నవ్వులు) చూశారా, చేతులు ఎన్ని లేచాయో! మనల్ని బడిలో చేర్చినప్పుడు నాన్న "వరికోతలప్పుడు పుట్టాడండి" అంటే, మాస్టారు వేళ్ళు లెక్కపెట్టి ఒక తేదీ వేసేశారు. తేదీతో ఆగలేదు. ఇంట్లో 'పెంటయ్య' అని పిలిచే పిల్లాడికి, "బాగోదురా, ప్రసాద్ అని రాస్తాను" అన్న మాస్టార్లూ ఉన్నారు. వాళ్ళు మంచి మనసుతోనే రాశారు. కానీ ఆ రోజుతో ఒక పిల్లాడు కాగితాల్లో ఇద్దరయ్యాడు.

ఆ 'పెంటయ్య' వెనకా ఒక కథ ఉంటుంది. ముందు పుట్టిన బిడ్డలు దక్కకపోతే, తరవాతి బిడ్డను పెంట మీదో, పుల్లాకుల మీదో ఒక్క క్షణం పడుకోబెట్టి తీసుకుని పెంటయ్య, పుల్లయ్య, పెంటమ్మ అని పేరు పెట్టేవారు. కాబట్టి పాత రికార్డులో ఈ పేరు కనిపిస్తే, అంతకుముందు ఆ ఇంట్లో చనిపోయిన పిల్లలు ఉండి ఉంటారేమో అని నేను వెతుకుతాను.

ఇంకో సంగతి. మనవడికి తాత పేరు పెడతాం. కానీ కోడలు మామగారి పేరు నోటితో అనకూడదు. అందుకని కన్నకొడుకునే ఆవిడ 'బాబు' అనో, 'నాయన' అనో, 'చిన్నోడు' అనో పిలిచేది. ఊరంతా అదే పిలిచేది. చివరికి ఆ మనిషి అసలు పేరు ఆయన పిల్లలకే సరిగా తెలియదు. దత్తత వెళ్ళినవాడికి ఇంటిపేరు మారుతుంది. ఇల్లరికం వెళ్ళినవాణ్ణి ఊరు అత్తవారి ఇంటిపేరుతోనే పిలుస్తుంది. క్రైస్తవం తీసుకున్న కుటుంబాల్లో చర్చి రిజిస్టరులో ఒక పేరు, భూమి కాగితంలో ఇంకో పేరు ఉండడం చూశాను.

మా ముత్తాతనే తీసుకోండి. ఇంట్లో చిన్నోడు. అన్నదమ్ముల పంపకాల దస్తావేజులో నారాయణుడు. శిస్తు రసీదులో నారాయణస్వామి. మా తాతను బడిలో చేర్చినప్పుడు తండ్రి పేరు గడిలో నారాయణరావు. నాలుగు పేర్లు పక్కపక్కన పెడితే నలుగురు మనుషులు. వాళ్ళు నలుగురూ ఒక్కడేనని ఎలా తెలిసింది? పేరుతో కాదు, పొలంతో. దస్తావేజుల్లో చెక్కుబంది రాస్తారు కదా, తూర్పున ఫలానావారి మెరక, దక్షిణాన ఫలానావారి గట్టు అని. పొలం కాగితాల్లో నాలుగు దిక్కులా ఉన్న పొరుగువాళ్ళు ఒకరే. మనిషి పేరు మారింది గానీ గట్టు అవతలి మనిషి మారలేదు.

మాది ఒకప్పటి జమీందారీ గ్రామం. అలాంటి ఊళ్ళకి 1948 నాటి ఎస్టేట్ల రద్దు చట్టం తరవాత సెటిల్‌మెంట్ జరిగి ఫెయిర్ అడంగల్ తయారైంది. మీ ఊరూ అలాంటిదే అయితే అక్కడినుంచి మొదలుపెట్టండి. సర్వే నంబరు దొరికితే వెనక్కి నడవడం తేలిక. ఊరి పేర్ల సంగతి కూడా గుర్తుంచుకోండి. శ్రీకాకుళాన్ని తెల్లవాళ్ళు చికాకోల్ అని, భీమునిపట్నాన్ని బిమ్లిపటం అని, కాకినాడను కోకనాడ అని రాశారు. శ్రీకాకుళం జిల్లా 1950లో, విజయనగరం జిల్లా 1979లో ఏర్పడ్డాయి. అంతకుముందు కాగితాల్లో మన ఊళ్ళను విశాఖపట్నం జిల్లా కిందో, గంజాం జిల్లా కిందో వెతకాలి.

కంప్యూటర్ ఉందిగా అంటారు కుర్రాళ్ళు. ఉంది. పేర్లను ధ్వనిని బట్టి వెతికే సౌండెక్స్ అనే పద్ధతికి అమెరికాలో 1918లోనే పేటెంట్ ఇచ్చారు. పేరులో మొదటి అక్షరం ఉంచి, మిగతా హల్లులకు అంకెలు వేస్తుంది. లక్ష్మిని ఇంగ్లీషులో 'కె, ఎస్, హెచ్'తో రాసినా, 'ఎక్స్'తో రాసినా ఎల్-250 అనే వస్తుంది. బాగానే ఉంది. కానీ మన వైపు మనిషి 'లచ్చిమి' అన్నాడు, గుమస్తా మధ్యలో 'టి' చేర్చి రాశాడు. అప్పుడది ఎల్-325 అయిపోతుంది, వెతుకులాటలో దొరకదు. మనవాళ్ళు వెంకన్నని ఎంకన్న అంటారు, వీరయ్యని ఈరయ్య అంటారు. మొదటి అక్షరమే మారిపోతే ఆ పద్ధతి అక్కడే ఆగిపోతుంది. అందుకే నేను జాబితా ముందు పెట్టుకుని, మా నాయనమ్మ యాసలో పైకి చదువుతాను. చాలాసార్లు కంటికి కనబడనిది చెవికి దొరుకుతుంది.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. మా ఇంట్లో ఒక మాట ఉండేది, "పెద్దోడు ఓడెక్కిపోయాడు" అని. మా ముత్తాత అన్నగారు. ఏ ఓడో, ఎక్కడికో ఎవరికీ తెలియదు. మన తీరం నుంచి ఆ రోజుల్లో రంగూన్ వెళ్ళినవాళ్ళు లెక్కలేనంతమంది. బర్మాలో మనవాళ్ళను కోరంగీలు అనేవారు, కోరంగి రేవు పేరు మీద. అందుకని ఆయనా రంగూన్ వెళ్ళే ఉంటాడనుకున్నాం.

కొన్నేళ్ళ క్రితం దక్షిణాఫ్రికాలోని డర్బన్ నుంచి ఒక రిటైర్డు టీచరుగారు మెయిల్ రాశారు. వాళ్ళ ఇంటిపేరు 'సన్నాసి'. మనకి సన్నాసి ఇంటిపేరేమిటి అనిపిస్తుంది. చెరకు తోటల్లో పనికి నేటాల్ వెళ్ళినవాళ్ళను రాసుకున్నప్పుడు చాలామందికి ఒక్క పేరే రాశారు. తరవాతి తరాలకి ఇంటిపేరు అవసరమైనప్పుడు ఆ తాత పేరో, తండ్రి పేరో ఇంటిపేరైపోయింది. మన దగ్గర వందలాది ఇంటిపేర్లు ఉన్న మనుషులు అక్కడ నాయుడు, రెడ్డి అనే రెండు మూడు పేర్ల కింద కలిసిపోయారు కూడా.

1860 నవంబరు 16న మద్రాసు నుంచి 'ట్రూరో' అనే ఓడ డర్బన్ చేరింది. అప్పటినుంచి 1911 దాకా లక్షా యాభై రెండు వేల మందికి పైగా మన దేశం నుంచి అలా నేటాల్ వెళ్ళారు. ఓడల జాబితాల్లో ప్రతి మనిషికీ ఒక నంబరు, పేరు, తండ్రి పేరు, వయసు, కులం, జిల్లా, తాలూకా, ఊరు, ఒంటి మీద గుర్తులు రాసుకున్నారు.

ఆ టీచరుగారి నాన్నగారికి అప్పుడు ఎనభై ఆరేళ్ళు. కళ్ళు మూసేలోగా మా ఊరేదో చెప్పండి అని అడిగారట. ఇక్కడే భయం వేసింది నాకు. తప్పు ఊరు చెబితే ఆ పెద్దాయన తప్పు మట్టికి దణ్ణం పెట్టుకుని పోతాడు. దిద్దడానికి తరవాత మనిషే ఉండడు.

వాళ్ళు పంపిన జాబితాలో ఇద్దరు సన్నాసులున్నారు. ఇద్దరికీ తండ్రి పేరు అప్పడే. ఇద్దరి వయసూ ఇరవై, ఇరవై నాలుగు. ఊరి పేరు చివర ఇద్దరికీ 'వలస'. మన జిల్లాలో వలస అని ముగిసే ఊళ్ళు ఎన్నో మీకు చెప్పక్కర్లేదు. మా పంపకాల దస్తావేజులో "అప్పడు కొడుకులు" అని ఉంది గానీ, వెళ్ళిపోయినవాడి పేరు లేదు. ఇక్కడ పేరుతో తేలేది ఏమీ లేదు.

అప్పుడు నేను చేసింది, సన్నాసిని వదిలేసి ఆయన పక్కవాళ్ళను చూడడం. ఊరు విడిచి వెళ్ళేవాడు ఒంటరిగా వెళ్ళడు, తోడు చూసుకుంటాడు. ఒకే ఊరివాళ్ళు వరసలో పక్కపక్కన నిలబడతారు, పక్కపక్క నంబర్లు పడతాయి. ఒక సన్నాసికి అటూ ఇటూ ఉన్నవి వేరే తాలూకా మనుషులు. రెండో సన్నాసి తరవాతి రెండు నంబర్లలో ఉన్నవాళ్ళ తండ్రుల పేర్లు చదివాను. ఆ రెండు పేర్లూ మా పొలం చెక్కుబందిలో ఉన్నాయి, ఒకటి తూర్పున, ఒకటి ఉత్తరాన.

ఆ రాత్రి మెయిల్ రాశాను. "మీ ముత్తాత ఊరు ఇదేనని గట్టిగా నమ్ముతున్నాను. ఆయన మా పెద్దోడే అని మాత్రం ప్రమాణం చేయలేను. ఆ ఊళ్ళో అప్పడు అనే పేరు ఇంకొకరికి ఉండి ఉండవచ్చు" అని రాశాను. ఏది రుజువైంది, ఏది ఊహ అన్నది విడివిడిగా చెప్పాను. ఆ పెద్దాయన ఊరి చెరువు ఫొటో పంపమన్నారు. పంపాను. మరుసటి ఏడాది ఆయన పోయారు. మా నాన్న ఆ సంగతి విని ఏమీ అనలేదు గానీ, మహాలయ పక్షాల్లో సన్నాసి అన్న పేరు చెప్పి నీళ్ళు వదిలారు. "మనవాడు కాకపోయినా నష్టం లేదురా, మన ఊరివాడేగా" అన్నారు.

ఆడవాళ్ళ సంగతి చెప్పకుండా ముగించలేను. మగవాడికి నాలుగు పేర్లుంటే, ఆడమనిషికి కాగితంలో ఒక్కటీ ఉండదు. ఫలానావారి భార్య, ఫలానావారి తల్లి, కింద వేలిముద్ర, అంతే. మా ముత్తవ్వ పేరు ఏ ఆఫీసులోనూ దొరకలేదు. చివరికి మా అటక మీద ఇత్తడి బిందె అంచున దొరికింది. పెళ్ళికి పుట్టింటివాళ్ళు సారెలో ఇచ్చిన బిందె. చుక్కలు చుక్కలుగా కొట్టించిన అక్షరాలు, ముందు పుట్టింటి ఇంటిపేరు పొడి అక్షరం, తరవాత ఆవిడ పేరు. ఆ ఒక్క పొడి అక్షరం పట్టుకునే ఆవిడ పుట్టింటి ఊరు చేరాం. కాబట్టి పాత సామాను తూకానికి వేసే ముందు అంచులు తడిమి చూడండి.

ఈ సభలో నేను కోరేవి మూడే. ఒకటి, ఇంట్లో ఉన్న పెద్దవాళ్ళ దగ్గర ఈ పండక్కే కూర్చోండి. "తాత పేరేమిటి" అని అడిగి ఊరుకోవద్దు. ఇంట్లో ఏమని పిలిచేవారు, ఊళ్ళో ఏమనేవారు, కాగితంలో ఏముంది అని మూడూ అడిగి, చెప్పింది చెప్పినట్టే రాసుకోండి. రెండు, అమ్మ పేరు, అమ్మమ్మ పేరు, వాళ్ళ పుట్టింటి ఇంటిపేర్లతో సహా రాయండి. ఫొటోల వెనక పెన్సిలుతో రాయండి.

మూడోది మన సంఘానికి. మన బడి పాత అడ్మిషన్ రిజిస్టర్ల అంచులు ఇప్పటికే పొడి అవుతున్నాయి. ఈ చుట్టుపక్కల ఊళ్ళలో ఎన్నో కుటుంబాలకి తాత పేరు, ఆయన తండ్రి పేరు ఒకే వరసలో ఉన్న కాగితం బహుశా అదొక్కటే. హెడ్మాస్టరుగారి అనుమతితో వాటిని ఫొటో తీయించి, ఒక ప్రతి బడిలో, ఒక ప్రతి సంఘం దగ్గర ఉంచుదాం. కులం లాంటి వివరాలు ఉంటాయి కాబట్టి బహిరంగంగా పెట్టొద్దు, అడిగిన కుటుంబానికి వాళ్ళ పేజీ చూపిద్దాం. స్వర్ణోత్సవ నిధిలో నా వంతుగా ఆ ఖర్చు నేను పెట్టుకుంటాను.

ఇక్కడున్న ఉపాధ్యాయులకి ఒక్క మాట. మీరు ఈ జూన్‌లో రాసే పేరు వందేళ్ళ తరవాత ఎవరో వెతుక్కుంటారు. దయచేసి తల్లి పేరు గడి ఖాళీగా వదలకండి.