విదేశాలకు వెళ్లే మన టీచర్ల అగ్రిమెంటు ఎవరు చదువుతున్నారు?

(సావిత్రిబాయి ఫూలే జయంతి సందర్భంగా ఛత్తీస్‌గఢ్‌లోని భిలాయి పక్కన ఉన్న జాముల్‌లో తెలుగు కుటుంబాల సమావేశంలో ఒక పరిశోధక విద్యార్థి చేసిన ప్రసంగ పాఠం)



సావిత్రిబాయి గురించి చెప్పేటప్పుడు మనం 1848 నుంచి మొదలుపెడతాం. పూణేలో బడి పెట్టడం, దారిలో ఆమె మీద పేడ విసరడం, ఇంకో చీర సంచిలో పెట్టుకుని వెళ్లడం. ఇవి ఈ బస్తీ పిల్లలకు కూడా తెలుసు. దానికి ముందున్న ఒక సంగతి మీ ముందు పెడతాను. సావిత్రిబాయికి టీచర్ పని ఎలా చేయాలో నేర్పినవాళ్లలో సింథియా ఫరార్ అనే ఒక అమెరికన్ స్త్రీ ఉంది. ఆమె 1827లో ఓడెక్కి బొంబాయి వచ్చింది. తర్వాత అహ్మద్‌నగర్‌లో ఆడపిల్లలకు బడి నడిపింది. సావిత్రిబాయి శిక్షణ అక్కడే. మిషనరీలు ఎందుకు వచ్చారు, వాళ్ల లెక్కలేమిటి అన్నది వేరే చర్చ. సముద్రం దాటి వచ్చిన ఒక టీచర్ దగ్గర నేర్చుకుని మన మొదటి టీచరమ్మ తయారైంది అన్నది మాత్రం నిజం. ఇప్పుడు ఈ బస్తీ ఆడపిల్లలు టీచర్లుగా సముద్రం దాటాలని చూస్తున్నారు. నా పీహెచ్‌డీ కూడా వలస వెళ్లే టీచర్ల మీదే కాబట్టి, ఈ రోజు దాని గురించే మాట్లాడతాను.

పరాయి దేశం పోవడం మనకు కొత్త కాదు. మీ తాతలు దిగి వచ్చిన శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ ప్రాంతాల నుంచే బర్మా రేవులకు, మలయా రబ్బరు తోటలకు జనం పోయారు. బర్మాలో తెలుగు కూలీలను మన కోరంగి రేవు పేరు పెట్టే పిలిచేవారు. మలయాలో 1912 లేబర్ కోడ్ వచ్చాక, బడి వయసు పిల్లలు పదిమంది ఉన్న తోటలో దొర బడి పెట్టాలన్నారు. పెట్టారు. చాలా చోట్ల పాఠం చెప్పింది తోట గుమాస్తానో, కంగాణీయో. పాలు తీసే చేతులకు అంతకు మించిన చదువు అక్కర్లేదని వాళ్ల లెక్క. అంటే మనం పరాయి దేశానికి కూలీగా పోయాం, పాచి పనికి పోయాం. పాఠం చెప్పడానికి పోవడం మాత్రం మన ఇళ్లలో ఈ తరంతోనే మొదలైంది. అందుకే దీన్ని నేను ఊరికే డబ్బు ఆశ అని కొట్టిపారేయను.

అసలు జాముల్ పిల్లలు బయటి దేశం వైపు ఎందుకు చూస్తున్నారు? జీతం ఒక కారణం. రెండోది కులం సర్టిఫికెట్టు.

భిలాయి ఉక్కు కర్మాగారానికి సోవియట్ యూనియన్‌తో ఒప్పందం జరిగింది 1955లో. మొదటి బ్లాస్ట్ ఫర్నేస్ వెలిగింది 1959లో. ఇక్కడి ఏసీసీ సిమెంటు ఫ్యాక్టరీ 1965 నాటిది. మన కుటుంబాలు వచ్చింది ఆ పనులకే. ఇప్పుడు ఈ రాష్ట్రంలో ఎస్సీ సర్టిఫికెట్టు కావాలంటే 1950 ఆగస్టు 10 నాటికి మీ పెద్దలు ఇక్కడే ఉన్నట్టు కాగితం చూపించాలి. ఫ్యాక్టరీయే లేని రోజున ఫ్యాక్టరీ కట్టడానికి వచ్చినవాళ్ల కాగితం ఎక్కడ దొరుకుతుంది? 1990లో మర్రి చంద్రశేఖరరావు కేసులో సుప్రీంకోర్టు ఒక రాష్ట్రంలో ఎస్సీ అయినవాళ్లు ఇంకో రాష్ట్రానికి వలస వెళితే అక్కడ ఎస్సీగా లెక్కకు రారని చెప్పింది. ఆ కేసు వేసింది కూడా మన తెలుగు విద్యార్థే, బొంబాయిలో మెడికల్ సీటు కోసం. 2018లో బీర్ సింగ్ కేసులో రాజ్యాంగ ధర్మాసనం దాన్నే ఖాయం చేసింది. కోర్టు తర్కం ఏమిటంటే, వెనుకబాటు ఒక్కో రాష్ట్రంలో ఒక్కో రకంగా ఉంటుందని. మనిషి రైలెక్కితే కులం ప్లాట్‌ఫారం మీదే ఉండిపోతుందా? ఇంటి పేరు అడిగేవాళ్లు పలాసలో ఉన్నారు, పవర్‌హౌస్‌లోనూ ఉన్నారు.

పోనీ ఆంధ్రకు వెళ్లి డీఎస్సీ రాద్దామా అంటే అక్కడ నాన్‌లోకల్. నాలుగు నుంచి పది వరకు అక్కడ చదవలేదు కదా. తెలుగు మీడియం పోస్టుకైతే పదో తరగతి తెలుగులో చదివి ఉండాలి, మన పిల్లలు చదివింది హిందీలో. ఇక్కడ బయటివాళ్లు, అక్కడా బయటివాళ్లు.

ఒక్క మాట మరిచిపోవద్దు. తండ్రికి సొంత రాష్ట్రంలో ఇచ్చిన సర్టిఫికెట్టు ఉంటే, దాని ఆధారంగా ఇక్కడి అధికారి మీకు వలసదారుల సర్టిఫికెట్టు ఇవ్వాలని కేంద్రం 1985లోనే ఆదేశమిచ్చింది. అది ఈ రాష్ట్ర ఉద్యోగాలకు పనికిరాదు. కేంద్రీయ విద్యాలయాలకు, నవోదయలకు పనికొస్తుంది. తహసీల్ ఆఫీసులో ఆ ఆదేశం మాకు తెలియదంటారు. మనకు తెలిస్తే చాలు, అక్కడే కూర్చుని తెలిసేలా చేద్దాం.

ఉద్యోగం వచ్చినవాళ్ల సంగతీ చూశాం. బీఈడీ చేసినవాళ్లు ప్రాథమిక తరగతులకు పనికిరారని 2023 ఆగస్టులో సుప్రీంకోర్టు చెప్పాక, ఛత్తీస్‌గఢ్‌లో సుమారు 2,900 మంది కొత్త టీచర్లను తీసేశారు. చాలామంది బస్తర్, సర్గుజా పల్లెల్లో పని చేస్తున్నవాళ్లు. నెలల తరబడి రాయపూర్‌లో ధర్నా చేశాకే 2025లో వాళ్లను సైన్సు ల్యాబుల్లో సర్దారు. ఇదంతా చూసిన పిల్ల దుబాయ్ అంటే, ఒమన్ అంటే తలెత్తి చూడదా?

ఇప్పుడు అక్కడి బడి సంగతి. ఇంటర్నేషనల్ స్కూల్ అనే మాట ఇప్పుడు మన భిలాయి గల్లీలో కూడా బోర్డు మీద కనిపిస్తుంది. అసలు మాటకు ఒక చరిత్ర ఉంది. 1924లో జెనీవాలో, నానాజాతి సమితి, అంతర్జాతీయ కార్మిక సంస్థ ఉద్యోగుల పిల్లల కోసం పెట్టిన బడి దీనికి మూలం. కార్మికుల హక్కులు రాయడానికి వచ్చిన ఆఫీసర్ల పిల్లల బడి. ఇప్పుడు గల్ఫ్‌లో, ఆగ్నేయాసియాలో ఉన్నవి ఎక్కువగా ఫీజుల వ్యాపారం. వాటిలో బ్రిటిష్, అమెరికన్ సిలబస్ బడులు ఒక వరస. మన సీబీఎస్‌ఈ బడులు ఇంకో వరస. 25కి పైగా దేశాల్లో రెండు వందలకు పైగా సీబీఎస్‌ఈ బడులున్నాయి. మన పిల్లలకు ఎక్కువగా దొరికేది ఈ రెండో వరసలోనే. మొదటి వరసలో తెల్ల పాస్‌పోర్టు ఉన్న టీచర్‌కు ఇల్లు, విమానం టికెట్టు, పిల్లలకు ఉచిత చదువు. అదే బడిలో అదే పాఠం చెప్పే మన దేశపు టీచర్‌కు ‘లోకల్ హైర్’ అని ఇంకో జీతం. బాబాసాహెబ్ చెప్పిన నిచ్చెనమెట్ల అసమానత స్టాఫ్‌రూమ్‌లోకి కూడా నడిచి వచ్చింది. ఇక్కడ పుట్టుకను బట్టి మెట్టు, అక్కడ పాస్‌పోర్టును బట్టి మెట్టు. పాస్‌పోర్టు కూడా పుట్టుకతో వచ్చేదే కదా.

ప్రభుత్వాలు కూడా ఈ మెట్లు కట్టాయి. దక్షిణ కొరియాలో ఇంగ్లీషు చెప్పే వీసా మొదట ఏడు దేశాలవాళ్లకే. మనతో కుదిరిన వాణిజ్య ఒప్పందం 2010లో అమల్లోకి వచ్చాకే, కొన్ని షరతులతో, ఇండియా టీచర్లకు ఆ తలుపు కాస్త తెరుచుకుంది. ఇంగ్లండు 2023లో మన దేశంతో సహా మరికొన్ని దేశాల టీచర్లు అక్కడి టీచర్ అర్హతకు దరఖాస్తు చేసుకోవచ్చంది. కానీ మన విషయంలో లెక్కలు, సైన్సు, భాషలు చెప్పేవాళ్లకే. లెక్కల మాస్టారు కొరత వాళ్లకు వచ్చింది కాబట్టి. మన మీద ప్రేమతో కాదు. కాబట్టి అక్కడికి పోయేవాళ్లు తలవంచుకుని పోనక్కర్లేదు.

నేను ఈ రోజు ముఖ్యంగా చెప్పదలచుకున్నది ఇక్కడి నుంచి.

మన 1983 వలస చట్టం కింద గల్ఫ్, మలేషియాతో కలిపి 18 దేశాలకు పనికి వెళ్లేటప్పుడు కొందరికి ప్రభుత్వ అనుమతి కావాలి. ఆ అనుమతి ఇచ్చే ముందు అధికారి అగ్రిమెంటు చూస్తాడు, జీతం చూస్తాడు, యజమాని వివరాలు చూస్తాడు. ఎవరికి? పదో తరగతి పాస్ కాని వాళ్లకు. పది పాసైతే పాస్‌పోర్టు మీద ఆ ముద్ర ఉండదు. ఎవరూ ఆపరు. మనవాళ్లు దీన్ని గౌరవంగా చెప్పుకుంటారు, ‘మా అమ్మాయిది ఈసీఎన్ఆర్ పాస్‌పోర్టు’ అని. గౌరవం సరే, దాని ఇంకో అర్థం కూడా వినండి. తాపీ పనికి వెళ్లే అన్న అగ్రిమెంటును కనీసం ఒక అధికారి చూస్తాడు. టీచర్‌గా వెళ్లే చెల్లి అగ్రిమెంటును ఏ అధికారీ చూడడు. చదువుకున్నది కాబట్టి తనను తాను కాపాడుకుంటుందని ప్రభుత్వం అనుకుంటుంది. మొదటిసారి రైలు తప్ప ఏదీ ఎక్కని ఇంట్లో, తండ్రి ఠేకేదారు కింద సిమెంటు బస్తాలు మోసిన ఇంట్లో పుట్టి, అరబ్బీ-ఇంగ్లీషు కాగితం మీద సంతకం పెట్టే పిల్లకు ఆ డిగ్రీ ఒక్కటే ఏ రక్షణ ఇస్తుంది?

చదువుకున్నవాళ్లకు రక్షణ ఇవ్వడం కుదరదా? కుదురుతుంది. నర్సులే సాక్ష్యం. నర్సుల దగ్గర ఏజెంట్లు లక్షల్లో గుంజుతున్నారని కేరళలో పెద్ద గొడవ జరిగింది. దాంతో 2015లో కేంద్రం ఆ 18 దేశాలకు వెళ్లే నర్సులకు, వాళ్లు ఎంత చదివినా, అనుమతి తప్పనిసరి చేసింది. ప్రైవేటు ఏజెంట్లను పక్కన పెట్టి నోర్కా, ఓడెపెక్ లాంటి ప్రభుత్వ సంస్థల ద్వారానే పంపాలంది. తర్వాత తెలుగు రాష్ట్రాల సంస్థలూ వచ్చాయి. నర్సులు సాధించుకున్నది టీచర్లకు ఎందుకు లేదు? అడిగినవాళ్లు లేరు కాబట్టి. ఒక్కో టీచర్ ఒక్కో ఏజెంటుతో, ఒక్కో ఫోన్‌లో, ఒంటరిగా మాట్లాడుకుంటున్నారు.

కాంట్రాక్టు అంటే ఏమిటో జాముల్‌కు నేను చెప్పక్కర్లేదు. కాంట్రాక్టు కార్మికుల తరఫున నిలబడినందుకు శంకర్ గుహ నియోగిని 1991 సెప్టెంబర్ 28న ఈ భిలాయిలోనే కాల్చి చంపారు. 1992 జూలై 1న పవర్‌హౌస్ స్టేషన్ దగ్గర పట్టాల మీద కూర్చున్న కార్మికులపై పోలీసులు కాల్పులు జరిపారు. ఆ రోజు అక్కడున్నవాళ్లు ఈ సభలో కూడా ఉండి ఉంటారు. మీ పెద్దలు ప్రాణాలు పెట్టి చదవడం నేర్చుకున్న కాగితం అది. ఇప్పుడు దాన్ని మీ పిల్లలు చదవాలి.

ఎలా చదవాలో ఒక్క ఉదాహరణ. దుబాయ్ బడి నెలకు 4,000 దిర్హాములు అంటుంది అనుకుందాం. అగ్రిమెంటులో బేసిక్ 1,500, మిగతాది ఇంటి అలవెన్సు, రవాణా అలవెన్సు అని ఉంటుంది. చేతికొచ్చేది ఒకటే కదా అనిపిస్తుంది. కాదు. అక్కడి చట్టం ప్రకారం ఉద్యోగం మానేసేటప్పుడు ఇచ్చే గ్రాట్యుటీ మొదటి ఐదేళ్లకు ఏడాదికి 21 రోజుల బేసిక్ జీతం. 4,000 మీద అయితే ఏడాదికి 2,800. 1,500 మీద అయితే 1,050 మాత్రమే. ఐదేళ్లకు దాదాపు 9,000 దిర్హాములు ఆ ఒక్క గీతలో పోతాయి.

రిజిస్టరైన ఏజెంటు తీసుకోగలిగిన ఫీజు 30 వేల రూపాయలు, దాని మీద జీఎస్టీ. లక్షన్నర అడిగేవాడు చట్టం దాటాడు. రిజిస్ట్రేషన్ నంబరు ఈ-మైగ్రేట్ వెబ్‌సైట్‌లో వెతికితే దొరుకుతుంది. విజిట్ వీసా మీద వెళ్లు, అక్కడికెళ్లాక మారుస్తాం అన్నవాడి మాట వినొద్దు. ఒరిజినల్ సర్టిఫికెట్లు అటెస్టేషన్‌కు ఇచ్చి తిరిగి తీసుకోండి, ఎవరి బీరువాలోనూ ఉంచొద్దు. పాస్‌పోర్టు యజమాని దగ్గర పెట్టుకోవడం ఎమిరేట్స్‌లో, ఖతర్‌లో నేరమే. ఎమిరేట్స్ ఆఫర్ లెటర్ అరబ్బీ, ఇంగ్లీషుతో పాటు మనకు తెలిసిన మూడో భాషలో కూడా ఇవ్వాలి. ఆ భాషల జాబితాలో హిందీ, తమిళం, మలయాళం ఉన్నాయి, తెలుగు లేదు. జాముల్ పిల్లలు హిందీ చదువుతారు కాబట్టి ఈ ఒక్కచోట మాత్రం ఇక్కడ పెరగడం కలిసొచ్చింది.

కులం సంగతి చెప్పకుండా ముగిస్తే మీరు ఒప్పుకోరు. అక్కడ కులం ఉండదు అక్కా అని ఒక చెల్లి అంది. బాబాసాహెబ్ కొలంబియాలో చదివి 1917లో బరోడా వస్తే ఉండడానికి గది దొరకలేదు. 1918లో బొంబాయి సిడెన్‌హామ్ కాలేజీలో ప్రొఫెసర్ అయ్యాక, తోటి అధ్యాపకులు స్టాఫ్ నీళ్ల కుండ ముట్టొద్దన్నారు. టీచర్‌గా ఆయన ఎదుర్కొన్నది అది. ఇప్పుడు గల్ఫ్ ఫ్లాట్లలో కుండ లేదు, షేరింగ్ రూమ్ ఉంది. ఇంటర్వ్యూలో ఒక అక్క నాతో చెప్పింది, వంటింట్లో మాంసం గురించి మొదలైన మాట మూడో రోజుకు ‘మీ ఇంటి పేరేంటి, ఏ ఊరు’ దగ్గరకు వచ్చిందని. కెనడాలో టొరంటో స్కూల్ బోర్డు 2023 మార్చిలో తమ బడుల్లో కుల వివక్ష ఉందని గుర్తిస్తూ తీర్మానం చేసింది. సియాటిల్ నగరం దానికి కొద్ది రోజుల ముందే కుల వివక్షను నిషేధించింది. అదే ఏడాది కాలిఫోర్నియా బిల్లును మాత్రం గవర్నర్ తిప్పి పంపాడు.

మంచి పిల్లలంతా వెళ్లిపోతే ఇక్కడి బడి ఎవరు చెబుతారని కొందరు పెద్దలు బాధపడుతున్నారు. ఈ ప్రశ్న అగ్రకుల పిల్లలు అమెరికా ఎక్కినప్పుడు ఎవరూ అడగలేదు. చదువుకు వెళ్లే మన పిల్లల మీద మాత్రం షరతులే. ఎస్సీలకిచ్చే జాతీయ విదేశీ స్కాలర్‌షిప్పు కింద భారతీయ సమాజం, చరిత్ర, సంస్కృతి మీద పరిశోధన చేయకూడదని 2022లో నిబంధన పెట్టారు. బాబాసాహెబ్ కొలంబియా సెమినార్‌లో చదివిన మొదటి పెద్ద వ్యాసం భారతదేశంలో కులాల గురించే. ఈ నిబంధన అప్పుడుంటే ఆయనకు ఆ స్కాలర్‌షిప్పు రాదు.

కాబట్టి వెళ్లాలనుకున్నవాళ్లను నేను ఆపను. మన ప్రభుత్వాలను అడగాల్సింది మాత్రం ఉంది. నర్సులకు ఇచ్చిన రక్షణ టీచర్లకూ ఇవ్వాలని, టీచర్ల అగ్రిమెంటును కూడా అధికారి చూసే ఏర్పాటు కావాలని, వలస కుటుంబాల సర్టిఫికెట్ల సంగతి తేల్చాలని ఒక అర్జీ రాసి తెచ్చాను. హిందీలో, తెలుగులో రెండు ప్రతులున్నాయి. మాటలు సరిగ్గా లేవనిపిస్తే మార్చండి. బీఈడీ చేసిన చెల్లెళ్లు ముందు సంతకం పెడితే బాగుంటుంది.

జై భీమ్. జై సావిత్రి.