మామిడి తోట కింద నేల

1960 దాకా చిత్తూరు జిల్లాలో ఉన్న తిరుత్తణి నుంచి ఇటు కడంబత్తూరు, తిరువళ్లూరు దాకా మామిడి పెంచే రైతులందరికీ ఈ నాలుగు మాటలు.

మొక్క నాటిన ఏడు ఉన్న నేల, ముప్పై ఏళ్ల తర్వాత అదే నేల కాదు. రాలిన ఆకు కుళ్లి, సన్నవేర్లు చచ్చి, మట్టి రేణువులను కలిపి పట్టే జిగురు తయారవుతుంది. వానపాములు బొరియలు తవ్వుతాయి. ఎర్రనేల గుల్లబారి వాననీరు ఇంకుతుంది. ఈ మేలు ఎక్కువగా పైనున్న జానెడు మట్టిలోనే. లోతుకు దిగడానికి దశాబ్దాలు కావాలి.

చెట్టుంటే చాలదు. తడి ఆరకుండానే సాళ్ల మధ్య ట్రాక్టరు తిప్పితే, పైన దుక్కి మెత్తగానే కనబడుతుంది గానీ కర్రు అడుగున పొర బిగుసుకుపోతుంది. ఇక ఆకులు ఊడ్చి తగలబెట్టడం మట్టి నోటి దగ్గర కూడు లాక్కోవడమే.

మీరే చూడండి. అడుగు కోసేసిన ఒకే కొలత డబ్బాలు రెండు తీసుకోండి. ఒకటి చెట్టు నీడలో, ఒకటి ట్రాక్టరు దారిలో రెండంగుళాలు దిగేసి చెరో చెంబు నీళ్లు పోయండి. ఎక్కడ ముందు ఇంకుతుందో తెలిసిపోతుంది. మట్టి ఎంత బిగుసుకుందో దాని బరువూ చెబుతుంది: ఎండిన ఇసుక నేల బరువు ఘన సెంటీమీటరుకు 1.8 గ్రాములు దాటితే వేరు దూరడం చాలా కష్టం.

అక్టోబరు వానలకు ముందే సాళ్ల మధ్య జనుమో ఉలవో చల్లండి. ఆ పైరు పూతకు రాకముందే కోసి, మామిడి మొదలుకు అడుగు దూరం వదిలి చుట్టూ పరచండి.