గిటారు – పోటీవేదిక – శ్రోతల బాధ్యత
(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ఉపన్యాసము)



రజతోత్సవ సభలో గ్రంథములను గూర్చి మాటలాడుట ఆచారము. నేటి ఉపన్యాస విషయము మాత్రము సంగీతమునకు సంబంధించినది. టెలివిజన్ పోటీలో శాస్త్రీయ పద్ధతిని గిటారు వాయించు యువకుని గూర్చినది. గ్రంథాలయమునకును గిటారునకును సంబంధమేమని కొందరికి తోచవచ్చును. సంబంధము కలదు. చదువరి లేనిచో గ్రంథము బీరువాలోనే యుండిపోవును. శ్రోత లేనిచో వాద్యము గోడకు వ్రేలాడుచుండును. పాతికేండ్లుగా చదువరులను తయారుచేసిన సంస్థ శ్రోతలను తయారుచేయుటకును తగినదే.

మొదట ఆ పోటీవేదికను తలచుకొందము. పదునేడు పదునెనిమిదేండ్ల యువకుడు కుర్చీపై కూర్చుండును. ఎడమపాదము క్రింద చిన్న పీట, ఎడమతొడపై గిటారు. మీద దీపముల వేడి, ఎదుట న్యాయనిర్ణేతలు, చుట్టును కెమెరాలు. అతనికిచ్చు వ్యవధి కొద్ది నిమిషములు. పక్కనున్న గాయకునికి మాటల అండ కలదు. స్వరజ్ఞానము లేనివాడును పాటలోని మాటలనుబట్టి ఆనందించును. వాద్యమునకు ఆ అండ లేదు. అతని కష్టమంతయు శ్రోత చెవిపై ఆధారపడియుండును. ఆ చెవి సిద్ధముగా లేనిచో, పదేండ్ల సాధన ఆ కొద్ది నిమిషములలో వృథాయైపోవును.

గిటారనగానే మనలో పెక్కుమందికి సినిమాపాట వెనుక వినబడు తాళపు మీటు గుర్తునకు వచ్చును. శాస్త్రీయ గిటారు పద్ధతి వేరు. దానికి ఆరు తీగలు. వానిని వ్రేళ్ల కొసలతోను గోళ్లతోను మీటుదురు. బొటనవ్రేలు మంద్రస్వరములను నడుపుచుండగా, తక్కిన వ్రేళ్లు పై వరుసను పలికించును. ఒక్కడే గాయకుడును పక్కవాద్యగాడును అయినట్లుండును. ఈ వాద్యమునకు నేటి రూపమును తీర్చినవాడు స్పెయిన్ దేశపు పనివాడు ఆంటోనియో దె టోరెస్ (1817–1892). అది ఇంటిలో వాయించుకొను చిన్న వాద్యమేగాని కచేరీకి తగదని పలువురు తలచుచుండ, ఆ దేశమువాడే యైన ఆంద్రెస్ సెగోవియా (1893–1987) దానిని ప్రపంచమందలి పెద్ద సభలకు ఎక్కించెను. ఆయన చాలవరకు స్వయంకృషితో నేర్చినవాడు. గురువు దొరకని పల్లెటూరి పిల్లలకు ఈ ఒక్క విషయమే గొప్ప ధైర్యము.

పరదేశపు వాద్యముతో మన సంగీతమునకేమి పని అని ప్రశ్నించువారు కలరు. ఈ ప్రశ్నకు చరిత్రయే సమాధానము చెప్పినది. నేడు ఫిడేలు లేని కర్ణాటక కచేరీని ఊహింపజాలము. అయినను అది పాశ్చాత్యుల వాద్యమే. ముత్తుస్వామి దీక్షితులవారి తమ్ముడు బాలుస్వామి దీక్షితులు (1786–1858) దానిని నేర్చి మన సంగీతమునకు మలచుకొనెను. తెలుగునేలపై ద్వారం వెంకటస్వామినాయుడుగారు (1893–1964) ఆ ఫిడేలును పక్కవాద్యపు స్థానమునుండి సభ నడుమకు తెచ్చిరి. విజయనగరపు సంగీత కళాశాలకు వారు అధ్యక్షులై యుండిరి. వాద్యము ఎచ్చట పుట్టినదని కాక, ఎవరి చేతిలో ఏమి పలికినదని విచారింపవలెను.

ఇంతకంటె దగ్గరి యుదాహరణము పాలకొల్లులో పుట్టిన ఉప్పలపు శ్రీనివాస్‌ది. ఆయన 1969వ సంవత్సరము ఫిబ్రవరి 28న జన్మించెను. ఆరేండ్ల ప్రాయమున తండ్రి సత్యనారాయణగారి మాండొలిన్‌ను చేతబట్టెను. చెంబై వైద్యనాథ భాగవతార్ శిష్యులైన రుద్రరాజు సుబ్బరాజుగారు గురువైరి. గురువునకు మాండొలిన్ వాయించుట రాదు. ఆయన పాడుచుండెడివాడు, పిల్లవాడు విని తీగపై పలికించుచుండెడివాడు. అనగా ఆ బాలునికి మొదటి పాఠము వ్రేళ్లకు గాక చెవికి జరిగినది.

అందులో చిక్కొకటి యుండెను. మాండొలిన్ నాదము పుట్టిన వెంటనే అణగిపోవును. మన రాగమునకు ప్రాణమైన గమకము నిలుచుటకు నాదము సాగవలెను. మామూలు మాండొలిన్‌కు నాలుగు జతలుగా ఎనిమిది తీగలుండును. శ్రీనివాస్ విద్యుత్ మాండొలిన్ చేపట్టి, జతలను వదలి ఐదు ఒంటితీగలతో వాయించెను. నాదము సాగెను, గమకము పలికెను. 1978లో గుడివాడ త్యాగరాజ ఆరాధనోత్సవములో ఆ బాలుని తొలి కచేరీ జరిగినది. 1981లో మద్రాసు సభలు ఆయనను వినినవి. 1983లో బెర్లిన్ జాజ్ ఉత్సవము వినినది. 1998లో పద్మశ్రీ బిరుదు లభించినది. 2014 సెప్టెంబరు 19న నలువదియైదేండ్లకే ఆయన కన్నుమూసెను. అయినను మాండొలిన్ నేడు కర్ణాటక వాద్యములలో నొకటి. ఒక ఉత్సవపు పందిరిలో తొమ్మిదేండ్ల పిల్లవానిని కూర్చుండబెట్టి ఓపికతో వినినవారే ఈ చరిత్రకు మొదటి కారకులు.

ఇక మన ప్రాంతమున తీగవాద్యము కొత్తదా? కాదు. నల్లమల అంచుననున్న పల్లెలలో పన్నెండు మెట్ల కిన్నెర తరతరములుగా మ్రోగినది. వెదురుకఱ్ఱ, ఎండిన సొరబుఱ్ఱలు, తీగ, మైనముతో నిలిపిన మెట్లు — ఇదియే దాని నిర్మాణము. వీణకు మెట్లు కలవు, కిన్నెరకు మెట్లు కలవు, గిటారునకును మెట్లే కలవు. మెట్టుపై వ్రేలు నొక్కిన తీగ పొట్టియగును, స్వరము హెచ్చును. సూత్రమొక్కటే. నాగర్‌కర్నూలు జిల్లాకు చెందిన దర్శనం మొగులయ్యగారు ఈ కిన్నెరపై పండుగ సాయన్న వంటి వీరుల కథలు పాడుచు వచ్చిరి. 2021లో ఒక సినిమాపాటవలన వారి గొంతు ఇంటింటికి వినబడినది. 2022లో పద్మశ్రీ వచ్చినది. అయినను 2024లో వారు కూలిపనికి పోవుచున్నారని పత్రికలలో వార్తలు వెలువడినవి. ఇది వారికి అవమానము కాదు, వినిన వారందరికిని పాఠము. చప్పట్లు ఒకనాటివి, వాద్యకారుని జీవనము ప్రతిదినమునకు సంబంధించినది.

ఇప్పుడు పోటీల సంగతి. టెలివిజన్ పోటీలను తక్కువచేసి మాటలాడుట న్యాయము కాదు. 1996లో ఈటీవీలో ఆరంభమైన ‘పాడుతా తీయగా’ కార్యక్రమమున ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యంగారు తెలుగు పిల్లల గొంతులను ఓర్పుతో దిద్దిరి. జాతీయస్థాయి ‘ఇండియన్ ఐడల్’ పోటీలో 2010లో శ్రీరామచంద్ర, 2017లో రేవంత్ విజేతలైరి. ఇందరును గాయకులే. వాద్యకారులు వేదికపై లేకపోలేదు, వెనుకవరుసలో నున్నారు. వారు వాయింపనిదే ఏ పాటయు సాగదు. అయినను బహుమానము వారిది కాదు.

వాద్యమునకు వేదిక దొరికిన సందర్భములును కలవు. ఇంగ్లండులో బీబీసీవారు 1978లో యువ సంగీతకారుల పోటీని ఆరంభించిరి. మొదటి విజేత ట్రాంబోన్ వాయించిన మైకేల్ హెక్స్ట్. అది ఊదు వాద్యము, సాధారణముగా వాద్యబృందపు వెనుకవరుసలో నుండునది. మన పొరుగున చెన్నపట్టణపు బాలుడు లిడియన్ నాదస్వరం 2019లో పదమూడేండ్ల ప్రాయమున, అమెరికాలోని సీబీఎస్ టెలివిజన్ ‘ది వరల్డ్స్ బెస్ట్’ పోటీలో పియానో వాయించి, పదిలక్షల డాలర్ల బహుమానము గెలిచెను. రష్యా దేశపు రిమ్‌స్కీ కోర్సకోవ్ రచనను మొదట నిమిషమునకు 208 తాళముల వేగమున, పిదప 325 తాళముల వేగమున వాయించి చూపెను. చూచినవారందరును ఆశ్చర్యపడిరి.

ఆశ్చర్యపడుట తప్పు కాదు. అయితే ఇచ్చట ఒక హెచ్చరిక యవసరము. వేగము కంటికి కనబడును, కావున కెమెరా దానిని సులభముగా పట్టుకొనును. నిదానముగా సాగు ఆలాపన, రెండు స్వరముల నడుమ నిశ్శబ్దము, ఒక్క మీటు మెల్లగా అణగుట — ఇవి చెవికి మాత్రమే తెలియును. గిటారు స్వభావము చేత మెల్లని వాద్యము. దాని సొగసంతయు ఇట్టి చోట్లనే యున్నది. వేగమునకు మాత్రమే ఓటు వేయు శ్రోతలయెదుట ఆ యువకుడు రెండే త్రోవలు చూచును. తన సొగసును వదలుకొని పరుగెత్తుట యొకటి, ఓడిపోవుట రెండవది. ఈ రెండును కాని మూడవ త్రోవను చూపగలవారు శ్రోతలే. పోటీ ఫలితమును న్యాయనిర్ణేతలు నిర్ణయింతురుగాని, సంగీతపు తీరును శ్రోతలే నిర్ణయింతురు.

శ్రోతలు తయారగుటకు మార్గమేమి? 1975 ఆగస్టునుండి 1976 జులై వరకు ఉపగ్రహముద్వారా ఆరు రాష్ట్రములలోని 2400 గ్రామములకు టెలివిజన్ కార్యక్రమములు ప్రసారమైనవి. ఆంధ్రప్రదేశ్ గ్రామములును అందులో నుండెను. ఊరికొక్క పెట్టె. జనమంతయు ఒక్కచోట కూడి చూచుచుండిరి. చూచినదానిని గూర్చి మాటలాడుకొనుచుండిరి. నేడు అరచేతిలోనే ప్రపంచసంగీతమంతయు కలదు. కాని కలిసి వినుట తగ్గినది, వినినదానిని గూర్చి మాటలాడుకొనుట మఱింత తగ్గినది. గ్రంథాలయము ఈ లోటును తీర్పగలదు.

నెలకొక్క సాయంకాలము వినుటకు కేటాయింపవచ్చును. ఒకే రచనను రెండుమార్లు వినిపింపవలెను. మొదట వినుట, పిదప తెలిసినవారొకరు దాని నడకను వివరించుట, మఱల వినుట. ఒకనాడు కిన్నెర, ఒకనాడు వీణ, ఒకనాడు శ్రీనివాస్ మాండొలిన్, ఒకనాడు సెగోవియా గిటారు. నాలుగింటిని వరుసగా వినిన పిల్లవానికి స్వదేశి, విదేశి యను భేదముకంటె ముందు మంచి, చెడు అను భేదము తెలియును. చందాదారుల సాయముతో ఒక గిటారును, ఒక కిన్నెరను కొని, పుస్తకములవలెనే రిజిస్టరులో వ్రాసి, నేర్చుకొను పిల్లలకు గడువునకు ఇయ్యవచ్చును. కొనలేని యింటి పిల్లవానికి ఇంతకంటె పెద్ద సాయము లేదు. కిన్నెరను వాయించు కళాకారుని పిలిచిననాడు శాలువతో సరిపుచ్చక, తగిన పారితోషికము నిచ్చుట ధర్మము.

తల్లిదండ్రుల భయమును త్రోసిపుచ్చరాదు. వాద్యము అన్నము పెట్టునా యని వారు అడుగుట సహజము. పిల్లవాడు చదువు మానవలసిన పని లేదు. దినమునకొక గంట సాధనకు విడిచిన చాలును. పోటీలో ఓడినను ఆ గంట వృథా కాదు, ఏలయన ఓడినవాడును మంచి శ్రోతయై మిగులును.

తెలంగాణమున కవులే లేరను మాట ఒకప్పుడు వినబడెను. ఈ గద్వాల ప్రాంతపు బిడ్డ సురవరం ప్రతాపరెడ్డిగారు వాదమునకు దిగి ఊరకుండలేదు. ఊరూర వెదకి, 354 మంది కవులతో 1934లో ‘గోలకొండ కవుల సంచిక’ను ప్రకటించిరి. కవులు లేకపోలేదు, వెదకువారే లేకపోయిరని తేలినది. వాద్యకారుల విషయమును ఇట్టిదే. ఏ పల్లెలోనో ఒక బాలుడు తీగపై వ్రేలుంచి స్వరమును వెదకుచుండవచ్చును. అతడు రేపు టెలివిజన్ వేదికనెక్కునో లేదో గాని, ముందుగా తన ఊరిలో అతనిని వినువారుండవలెను. ఆ వినువారిని తయారుచేయు పనిని ఈ గ్రంథాలయము తన ముందరి పాతికేండ్లలో చేపట్టుగాక.