పైలట్ల నిద్ర గురించి నాలుగు మాటలు
(స్వర్ణోత్సవ సభలో ఒక పూర్వ విద్యార్థి చేసిన ప్రసంగ పాఠం)

 

సంఘం వాళ్లు ఫోన్ చేసి, నువ్వు చేసే పని గురించి పది నిమిషాలు మాట్లాడు అన్నారు. నేను విమానం నడపను, రిపేరు చేయను. ఏ పైలట్ ఏ రోజు ఏ విమానం ఎక్కాలి, దిగాక ఎంతసేపు విశ్రాంతి ఇవ్వాలి అని లెక్కగట్టే సాఫ్ట్‌వేర్ పని నాది. దాన్ని రోస్టర్ అంటారు. మామూలుగా ఇది ఎవరికీ పట్టని సంగతి. కానీ 2025 డిసెంబరులో దేశమంతా దీని గురించే మాట్లాడుకుంది. ఇండిగో విమానాలు వందల్లో ఆగిపోయాయి. ఒక్క 5వ తేదీనే వెయ్యికి పైగా రద్దయ్యాయి. శంషాబాద్‌లో సూట్‌కేసులే దిండ్లుగా పడుకున్నవాళ్లు ఈ పందిట్లో కూడా ఉంటారు. వాళ్లు తిట్టిన తిట్లలో సగం కంపెనీకి, సగం పైలట్లకు పడ్డాయి. "ఏడాదికి వెయ్యి గంటలకు మించి ఎగరకూడదట, మనం రెండువేల నాలుగొందల గంటలు పనిచేయడం లేదా" అని మా బ్యాచ్ వాట్సాప్ గ్రూపులోనే ఒకరు రాశారు.

ఆ వెయ్యి గంటలు విమానం కదిలినప్పటి నుంచి ఆగేదాకా లెక్క. ముందుగా వచ్చి వాతావరణం, ఇంధనం చూసుకోవడం, మధ్యలో వేరే ఊళ్లో పడిగాపులు, పొగమంచులో ఆలస్యాలు ఇవన్నీ డ్యూటీ కిందికి వస్తాయి గానీ ఆ వెయ్యిలోకి రావు. అయినా అసలు సంగతి గంటల సంఖ్య కాదు. ఆ గంటలు ఏ వేళ పడ్డాయన్నది.

మన ముగ్గురాయి గనుల్లో, పౌడరు మిల్లుల్లో నైట్ షిఫ్టు చేసిన ఇళ్ల నుంచి వచ్చినవాళ్లకు ఇది నేను చెప్పనక్కర్లేదు. రాత్రి రెండు నుంచి ఆరు దాకా మనిషి ఒళ్లు మనిషి మాట వినదు. ఒంట్లో వేడి తగ్గుతుంది, చెయ్యి నిదానిస్తుంది, లెక్క తప్పుతుంది. ఎంత జీతమిచ్చినా, ఎన్ని స్ట్రైపులు భుజానికి కుట్టినా అంతే. పగటి నిద్ర పనికి చేటు అంటారు గానీ, నైట్ షిఫ్టు మనిషికి ఆ పగటి నిద్రే దిక్కు. రేకుల ఇంట్లో, ఎండాకాలంలో, బ్లాస్టింగ్ మోతల మధ్య పడుకుని లేచేవాడిది ఎన్ని గంటల నిద్ర కింద రాయాలి?

2010 మే 22న మంగళూరులో కూలిన విమానం మీకు గుర్తుండే ఉంటుంది. దుబాయ్ నుంచి వస్తున్న ఎయిర్ ఇండియా ఎక్స్‌ప్రెస్. అందులో ఉన్న 166 మందిలో 158 మంది పోయారు. ఎక్కువమంది గల్ఫ్‌లో పనిచేసుకుంటూ ఇంటికొస్తున్నవాళ్లు. కోడూరు, రాజంపేట, రాయచోటి పక్క నుంచి కువైట్ పోయే మనవాళ్లలాంటి వాళ్లే. కాక్‌పిట్ రికార్డర్‌లో 2 గంటల 5 నిమిషాలు దొరికింది. అందులో మొదటి గంటా 40 నిమిషాలు కెప్టెన్ నిద్రలో ఉన్నారు, గురక వినబడింది. దిగే వేళకు లేచారు. విమానం ఉండాల్సినదానికన్నా ఎత్తులో ఉంది. పక్కనున్న కో-పైలట్ మూడుసార్లు చెప్పారు, దిగొద్దు, మళ్లీ పైకి పోదామని. కెప్టెన్ వినలేదు. సుమారు 8,000 అడుగుల రన్‌వేలో 5,200 అడుగులు దాటాక చక్రాలు నేలను తాకాయి. అప్పుడు టైము ఉదయం ఆరు దాటి ఐదు నిమిషాలు.

విచారణ సంఘం రాసిన ఒక్క మాట నన్ను వదలదు. ఆయనకు ముందు తగినంత విశ్రాంతి సమయం దొరికింది, అయినా నిద్రపోయారు, ఆ నిద్రమత్తు నిర్ణయాన్ని చెడగొట్టి ఉండవచ్చు అన్నారు. కాగితం మీద అంతా సరిగ్గానే ఉంది. నాలాంటివాడు రాసిన సాఫ్ట్‌వేర్ ఆ రోస్టర్‌ను చూస్తే పచ్చ రంగు చూపించి ఊరుకుంటుంది.

కొత్త నియమాలు రాత్రి మీద దృష్టి పెట్టింది ఇందుకే. డీజీసీఏ వాటిని 2024 జనవరిలో ప్రకటించింది. వారపు విశ్రాంతి 36 గంటల నుంచి 48కి పెరిగింది. రాత్రి అంటే అంతకుముందు అర్ధరాత్రి నుంచి ఐదు దాకా, ఇప్పుడు ఆరు దాకా. మంగళూరు విమానం దిగిన వేళ గుర్తుచేసుకోండి. రాత్రిపూట ల్యాండింగులు ఆరు నుంచి రెండుకు తగ్గాయి. రెండో విడత 2025 నవంబరు 1 నుంచి అమల్లోకి వచ్చింది. అంటే దాదాపు రెండేళ్ల గడువు దొరికింది. ఆ గడువులో సరిపడా పైలట్లను సిద్ధం చేసుకోకుండా, తీరా తేదీ వచ్చాక నియమమే తప్పన్నట్టు మాట్లాడటం నాకు మింగుడు పడలేదు. డిసెంబరు 5న సడలింపు ఇచ్చారు. ఇండిగోకు రాత్రి నిబంధనల నుంచి 2026 ఫిబ్రవరి 10 దాకా మినహాయింపు ఇచ్చారు. పెట్టుకున్న సెలవును వారపు విశ్రాంతి కింద లెక్కేయకూడదన్న నియమాన్ని అన్ని కంపెనీలకూ ఎత్తేశారు. జనం ఎయిర్‌పోర్టుల్లో పడి ఉంటే ప్రభుత్వానికి వేరే దారి లేకపోవచ్చు. కానీ పైలట్ ఒళ్లు ఫిబ్రవరి దాకా ఆగదు కదా.

ఇక దూర ప్రయాణాల సంగతి. 2021 జనవరిలో శాన్‌ఫ్రాన్సిస్కో నుంచి బెంగళూరుకు ఎయిర్ ఇండియా విమానం ఉత్తర ధ్రువం మీదుగా ఎక్కడా ఆగకుండా దాదాపు 17 గంటలు ఎగిరి వచ్చింది. నడిపింది నలుగురూ మహిళలే. జోయా అగర్వాల్ కెప్టెన్, మన తెలుగమ్మాయి పాపగారి తన్మయి వాళ్లలో ఒకరు. నలుగురెందుకంటే, ఇద్దరు నడుపుతుంటే ఇద్దరు పడుకోవాలి. ఆ విమానంలో పైన అటకలాంటి చిన్న గది, పడకలు ఉంటాయి. 17 గంటలు నిద్ర లేకుండా ఉన్న మనిషి పని తీరు, రక్తంలో 0.05 శాతం మద్యం ఉన్నవాడితో సమానమని 1997లో ఆస్ట్రేలియా పరిశోధకులు తేల్చారు. మన దేశంలో బండి నడిపేవాడికి హద్దు 0.03. తాగినోణ్ని గొట్టంలో ఊదించి పట్టుకోవచ్చు. నిద్ర లేనోణ్ని ఏ గొట్టంలో ఊదించాలి?

నా పనిలో తెలుసుకున్నది ఇంకొకటి చెబుతాను. నియమం ఇంతకు మించకూడదు అని చెబుతుంది. కంప్యూటరు దాన్ని ఇంతదాకా పోవచ్చు అని చదువుకుంటుంది. పది గంటలు హద్దంటే తొమ్మిది గంటల యాభై ఐదు నిమిషాల డ్యూటీని వెతికి తెస్తుంది. విశ్రాంతి కనీసం 12 గంటలు, లేదా ముందు చేసిన డ్యూటీ ఎంతైతే అంత, రెండింట్లో ఎక్కువది. వినడానికి బాగుంది. అందులో ఇంటికి పోవడం, స్నానం, తిండి, మళ్లీ తయారై బయల్దేరడం తీసేస్తే మిగిలేది ఆరేడు గంటలు. ఆ ఆరేడు మధ్యాహ్నం పన్నెండుకు మొదలైతే, బిడ్డలు బడి నుంచి వచ్చేదాకా.

కాబట్టి ఎప్పుడైనా గేటు దగ్గర "క్రూ డ్యూటీ టైము అయిపోయింది, ఇంకొకరు రావాలి" అని ప్రకటిస్తే, తిట్టాలనిపిస్తే రోస్టర్ వేసినవాళ్లను, అంటే మమ్మల్ని తిట్టండి. కాదన్న ఆ పైలట్‌ను మాత్రం వదిలేయండి.

ఆకాశం సంగతి అంత చెప్పి ఊరి రోడ్డు సంగతి చెప్పకపోతే అయ్యవార్లు ఒప్పుకోరు. 2025 నవంబరు దాకా అమల్లో ఉన్న మోటారు రవాణా కార్మికుల చట్టం 1961 నాటిది. దాని ప్రకారం డ్రైవరుకు రోజుకు 8 గంటలు, వారానికి 48 ఉండేవి. ఐదు గంటలకొకసారి కనీసం అరగంట విరామం ఉండేది. ఐదుగురు, అంతకు మించి పనివాళ్లున్న రవాణా యజమానులందరికీ వర్తించేది. పైలట్ల నియమాల కోసం ఢిల్లీ హైకోర్టు దాకా పోయి కొట్లాడే సంఘాలున్నాయి. రాయి లోడుతో రాత్రంతా రేవు దాకా నడిపి, దింపి, మళ్లీ పొద్దునకల్లా తిరిగిరావాలని ఎదురుచూపులు ఎదుర్కొనే మన లారీ డ్రైవరు గంటలు ఎవరు రాస్తున్నారు?

లారీలు, టిప్పర్లు ఉన్న మిత్రులు ఈ సభలో చాలామందే కనబడుతున్నారు. ఒక్కో డ్రైవరు ఏ వేళ స్టీరింగ్ పట్టాడు, ఏ వేళ దిగాడు, రాత్రి రెండు నుంచి ఆరు మధ్య వరుసగా ఎన్ని రోజులు నడిపాడు అని చూపే చిన్న చార్టు ఫోన్‌లోనే నడిచేలా చేసివ్వడం నాకు పెద్ద పని కాదు. డబ్బేమీ వద్దు. రేపు మాపటేళ దాకా ఊళ్లోనే ఉంటాను. భోజనాల దగ్గర పట్టుకోండి, మీ బండ్లెన్నో, డ్రైవర్లెందరో చెప్పండి.