సీసా మీద ఊరి పేరు ఉంది, రైతు సంగతేమిటి?

(మండల రైతు సంఘం సర్వసభ్య సమావేశంలో ఒక కంది రైతు చేసిన ప్రసంగ పాఠం)



స్కాట్లాండులో విస్కీ బట్టీ చూసి వచ్చిన సంగతి మాట్లాడమని మన కార్యదర్శి అడిగినప్పుడు నేను ముందు ఒప్పుకోలేదు. రైతు సంఘం సభలో విస్కీ మాటేమిటని ముందు వరుసలో కూర్చున్న అక్కలు అడుగుతారని నాకు తెలుసు. అడగాలి కూడా. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో ఆడవాళ్లు సారా మీద తిరగబడితేనే 1993లో సారా నిషేధం వచ్చింది, 1995లో సంపూర్ణ మద్య నిషేధం వచ్చింది. రెండేళ్లకే దాన్ని సడలించారు, అది వేరే కథ. నా మటుకు నేను తాగను. మా చిన్నాయనకు ఉన్న రెండెకరాల చెలక సారా దుకాణం బాకీ కిందనే పోయింది. కాబట్టి తాగుడును పొగడటానికి నేను ఇక్కడ నిలబడలేదు. ఆ సీసా వెనక ఒక పంట ఉంది, ఆ పంట వెనక మనలాంటి రైతు ఉన్నాడు. ఆయన బతుకు మన కందికి ఏం చెబుతుందో అదే నా విషయం.

మా బిడ్డ, అల్లుడు గ్లాస్గోలో ఉంటారు. మేం వెళ్లినప్పుడు అల్లుడు రెండు రోజుల యాత్రకు టికెట్లు తీశాడు. చిన్న బండి, ఎనిమిది మందిమి. బండి నడిపే ఆయనే దారి పొడుగునా అన్నీ వివరించాడు. అక్కడ తాగి బండి నడిపితే చట్టం గట్టిది. 2014 డిసెంబరు నుంచి ఆ పరిమితి ఇంగ్లండు కంటే స్కాట్లాండులోనే తక్కువ. అందుకే ఇలాంటి యాత్రల్లో నడిపే మనిషి చుక్క ముట్టడు. ఈ ఒక్క పద్ధతి మన దగ్గరికి వచ్చినా ఎన్నో కొంపలు నిలబడతాయి.

కెన్నక్రేగ్ అనే రేవులో పడవ ఎక్కితే రెండు గంటలకు ఇస్లే అనే దీవి వస్తుంది. ఉండేది మూడు వేల పైచిలుకు జనం. ఎటు చూసినా గొర్రెలు, ఆవులు, పచ్చిక, నల్లటి బురద నేలలు. ఆ నేలల్లో గడ్డీ గాదం వేల ఏళ్లు కుళ్లి గట్టిపడుతుంది. దాన్ని ఇటుకల్లా కోసి ఎండబెట్టి పొయ్యిలో పెడతారు. పీట్ అంటారు. ఇస్లే విస్కీకి ఉన్న పొగ వాసన అంతా దానిదే.

మమ్మల్ని తీసుకుపోయిన చోటు పేరు కిల్‌హోమన్. 2005లో మొదలైన చిన్న డిస్టిలరీ. మిగతా వాటికి, దీనికి తేడా ఏమిటంటే ఇది పొలంలోనే ఉంది. చుట్టూ ఉన్న రాక్‌సైడ్ అనే కమతంలో బార్లీ పండిస్తారు. ఆ బార్లీనే నానబెట్టి, మొలకెత్తించి, బట్టీ పెట్టి, పీపాల్లో నిలవ చేసి, సీసాల్లో పోస్తారు. తమకు కావలసిన ధాన్యం మొత్తం వాళ్ల పొలంలో పండదు, మిగతా మాల్ట్ బయట కొంటారు. కానీ సొంత పొలం బార్లీతో చేసిన దాన్ని వేరుగా పెట్టి, నూటికి నూరు పాళ్లు ఇస్లేదే అని సీసా మీద వేసి అమ్ముతారు. ఆ మాట గుర్తుపెట్టుకోండి, మళ్లీ దాని దగ్గరికి వస్తాను.

లోపలికి పోతే ముందు కనపడేది మనకు కొత్త కాదు. పిల్లలకు జావ కాయడానికి మన ఇళ్లలో రాగులు నానబెట్టి, గుడ్డలో మూటగట్టి మొలకెత్తిస్తాం కదా, అదే పని పెద్ద గది నేల మీద చేస్తారు. నానిన బార్లీని నేల మీద పరిచి ఐదారు రోజులు ఉంచుతారు. మొలక వేడెక్కి ముద్దకట్టకుండా పగలూ రాత్రీ చెక్క పారలతో తిరగేస్తూ ఉండాలి. పూర్వం ఈ పని చేసిన కూలీలకు ఒక భుజం వంగిపోయేదట. దానికి వాళ్లు 'కోతి భుజం' అని పేరు పెట్టుకున్నారు. మన కూలీల నడుం నొప్పికి ఇంకా పేరు కూడా లేదు.

మొలక రాగానే పీట్ పొగ మీద ఆరబెడతారు. ఆ గింజ నాకు నోట్లో వేసుకోమని ఇచ్చారు. తియ్యగా, కరకరలాడుతూ, కొంచెం పొగ వాసనతో ఉంది. తరవాత మర పట్టి, పెద్ద గంగాళంలో వేడినీళ్లు పోసి ఆ తీపంతా పిండుతారు. మిగిలిన పిప్పి పశువులకు పోతుంది. తీపి నీళ్లలో ఈస్ట్ వేసి కొన్ని రోజులు పులియబెడితే అందులో సుమారు 8 శాతం మద్యం వస్తుంది. దాన్ని రాగి బట్టీలో రెండుసార్లు కాచి దించుతారు. మొదట వచ్చేదీ చివర వచ్చేదీ పక్కకు తీసి, నడిమి ధార మాత్రమే పీపాలకు పంపుతారు. ఆ ధార కారే చోట తాళం వేసిన ఇత్తడి, గాజు పెట్టె ఉంటుంది. ఒకప్పుడు ఆ తాళంచెవి ఆబ్కారీ అధికారి దగ్గర ఉండేదట.

ఆబ్కారీ అంటే గుర్తొచ్చింది. విస్కీ అనే మాట వాళ్ల గేలిక్ భాషలో 'జీవజలం' అనే మాట నుంచి వచ్చింది. మొదట అది పెద్ద కంపెనీల సరుకు కాదు. కౌలు రైతులు మిగిలిన బార్లీతో ఇంట్లో కాచుకునేవాళ్లు, చాటుగా అమ్మి భూస్వామికి కౌలు కట్టేవాళ్లు. దాని మీద పన్నులు, దాడులు, కేసులు చాలాకాలం నడిచాయి. 1823లో కొత్త చట్టం వచ్చింది. 10 పౌన్లు కట్టి లైసెన్సు తీసుకుంటే కాచుకోవచ్చు. లైసెన్సు తీసుకోగలిగినవాళ్లు వ్యాపారులయ్యారు. తీసుకోలేనివాళ్లు బార్లీ పండించి అమ్మేవాళ్లుగా మిగిలారు. అడవిలో ఇప్పపువ్వు ఏరుకునే మన ఆదివాసీల కథ కూడా దీనికి దూరం కాదు.

ఇక అసలు సంగతి. స్కాచ్ విస్కీకి కట్టుదిట్టమైన చట్టం ఉంది, 2009లో వచ్చిన నిబంధనలు. స్కాట్లాండులోనే కాయాలి. 700 లీటర్లకు మించని ఓక్ కర్ర పీపాలోనే పోయాలి. కనీసం మూడేళ్లు అక్కడే నిలవ ఉంచాలి. సీసాలో కనీసం 40 శాతం మద్యం ఉండాలి. నీళ్లు, రంగు కోసం కాల్చిన చక్కెర తప్ప ఇంకేమీ కలపకూడదు. ఇంత పకడ్బందీగా రాశారు. నేను అడిగాను, 'మరి బార్లీ స్కాట్లాండుదే అయి ఉండాలని ఎక్కడ ఉంది?' అని. లేదు. కర్ర ఏదో చెప్పారు, పీపా కొలత చెప్పారు, ఏళ్లు చెప్పారు. గింజ ఎవరి పొలంలో పండాలో చెప్పలేదు. పరదేశం గింజ తెచ్చి కాచినా అది స్కాచే. దేశం పేరుకు రక్షణ ఉంది, ఆ దేశపు రైతుకు లేదు.

పైగా బార్లీ రైతుకు పెట్టే షరతులు చూడండి. మాల్ట్‌కు పోయే గింజలో నత్రజని తక్కువ ఉండాలి, సుమారు 1.65 శాతం దాటకూడదు. అంటే యూరియా చెయ్యి బిగబట్టి వేయాలి, దిగుబడి కొంత వదులుకోవాలి. నూటికి 98 గింజలు మొలవాలి. పొట్టు ఊడకూడదు. ఇవి దాటితే లోడు వెనక్కి, పశువుల దాణా ధరకు అమ్ముకోవాలి. వాన పడి కోత ఆలస్యమైతే రైతు పని అంతే. చలికాలం గ్రీన్‌లాండు నుంచి వేలకు వేలు బాతులు ఇస్లేకు దిగి పచ్చికంతా మేసిపోతాయి. అయితే ఆ నష్టానికి అక్కడి రైతులకు ప్రభుత్వ సొమ్ము నుంచి చెల్లించే పద్ధతి ఉంది. మన చేలలో అడవి పందులు పడితే ఎవరి ఆఫీసు ముందు ఎన్నిసార్లు నిలబడ్డామో మీకు తెలుసు.

ఆ రాత్రి బసలో కూర్చొని నేనూ మా అల్లుడూ ఒక లెక్క వేశాం. టన్ను మాల్ట్ నుంచి సుమారు 400 లీటర్ల స్వచ్ఛమైన మద్యం వస్తుంది. 70 సెంటీలీటర్ల సీసాలో 40 శాతం అంటే 280 మిల్లీలీటర్లు. పీపాలో ఏటా సుమారు 2 శాతం ఆవిరైపోతుంది, దాన్ని వాళ్లు దేవదూతల వాటా అంటారు. అదంతా కలుపుకొని చూస్తే సీసాకు కిలో అటూ ఇటూ బార్లీ పడుతుంది. బార్లీ ధర ఏడాదికో తీరు ఉంటుంది, లెక్క కోసం టన్ను 200 పౌన్లు అనుకుందాం. అంటే సీసాలో రైతు వాటా 20 పెన్నీలు. సీసా 50 పౌన్లకు అమ్మితే రైతుకు వచ్చింది వెయ్యిలో నాలుగు వంతులు. అదే సీసా మీద అక్కడి సర్కారు ఒక్క ఎక్సైజు సుంకమే 9 పౌన్లకు పైగా తీసుకుంటుంది. నిజమే, పీపాలకు, ఏళ్ల నిలవకు, కూలీలకు ఖర్చుంది. అయినా దేవదూతలకు పోయే వాటా విలువ కూడా రైతుకు దక్కే దానికంటే ఎక్కువే ఉంటుంది.

2025 జూలైలో మన దేశానికి, బ్రిటన్‌కు వాణిజ్య ఒప్పందం మీద సంతకాలయ్యాయి. అందులో విస్కీ మీద మన 150 శాతం దిగుమతి సుంకాన్ని ముందు 75కు, పదేళ్లలో 40కి దించుతామని రాసుకున్నారు. అక్కడి కంపెనీలు సంబరపడ్డాయి. ఆ సంబరంలో బార్లీ రైతుకు ఎంత వస్తుందో ఆ ఒప్పందంలో ఎక్కడా ఉండదు. వ్యాపారం పెరిగినంత మాత్రాన పంట ధర దానంతట అదే పెరగదు.

ఇప్పుడు కిల్‌హోమన్ సీసా దగ్గరికి వద్దాం. నూటికి నూరు పాళ్లు ఇస్లేదే అని వేసిన సీసాకు బార్లీ ఆ పొలానిదే కావాలి. అదే దీవిలో బ్రూక్‌లాడీ అనే ఇంకో డిస్టిలరీ దీవి రైతుల దగ్గర బార్లీ కొని, కొన్ని సీసాల మీద ఏ పొలాలదో పేర్లు వేస్తుంది. చట్టం చెప్పకపోయినా, కొనేవాడు అడిగితే పొలం పేరుకు కూడా విలువ వస్తుందని దీంతో తేలింది. కానీ అది కంపెనీ ఇష్టం మీద ఆధారపడి ఉంది. రేపు వద్దనుకుంటే తీసేస్తారు. మనకు అలా ఇష్టం మీద ఉండే విలువ సరిపోదు, రాతలో ఉండే హక్కు కావాలి.

మన తాండూరు కందికి 2022 డిసెంబరులో భౌగోళిక గుర్తింపు వచ్చింది. పటాకులు కాల్చాం, పేపర్లో ఫొటో వచ్చింది. ఆ తరవాత మార్కెట్ యార్డులో కాంటా దగ్గర మన బస్తాకు ఎంత ఎక్కువ పలికింది? చేతులెత్తండి. చూశారా, ఎవరూ ఎత్తలేదు. ఎందుకంటే పేరు ఊరికి వచ్చింది, మన చేతికి రాలేదు. ఎక్కడి కందినో మర ఆడించి తాండూరు పప్పు అని సంచి మీద అచ్చు వేస్తే అడిగేవాడు లేడు.

అందుకని సంఘం ముందు మూడు పనులు పెడుతున్నాను.

మొదటిది. 1999 నాటి భౌగోళిక గుర్తింపు చట్టం ప్రకారం ఆ పేరు వాడుకునే హక్కు కోసం పండించే రైతు అధీకృత వినియోగదారుగా నమోదు చేసుకోవచ్చు. మనలో ఎంతమంది చేసుకున్నారు? వచ్చే నెల సంఘం ఆఫీసులో వరసగా మూడు రోజులు కూర్చొని అందరి దరఖాస్తులూ నింపుదాం. పట్టా లేని కౌలు రైతుల కాగితాలు ఎలా పెట్టాలో కూడా అప్పుడే కనుక్కుందాం. ఇస్లేలో ఒకప్పుడు లైసెన్సు కట్టలేక వెనకబడ్డది కౌలుదార్లే. మన దగ్గర అది జరగనివ్వొద్దు.

రెండోది. తాండూరు పేరుతో పప్పు అమ్మే ప్రతి మిల్లూ కంది ఏ ఊరి నుంచి, ఏ రైతు నుంచి కొన్నదో పుస్తకంలో రాయాలి. ఆ పుస్తకం అడిగి చూసే హక్కు మనకు ఉండాలి. కలెక్టరు గారికి ఇచ్చే వినతిపత్రంలో ఇది మొదటి వాక్యం కావాలి.

మూడోది. ఒప్పంద సేద్యానికి ఎవరు వచ్చినా నమూనా మన కళ్ల ముందే తీయాలి. రెండు పొట్లాలు కట్టాలి, ఒకటి వాళ్ల దగ్గర, ఒకటి మన దగ్గర ఉండాలి. తేమ ఎక్కువుందనో, నాణ్యత లేదనో లోడు వెనక్కి పంపితే రెండో పొట్లం మూడోవాళ్లతో పరీక్ష చేయించాలి. సరుకు కాదంటే ఏ ధరకు తీసుకుంటారో విత్తనం వేయకముందే రాసివ్వాలి.

చివరికి అక్కడ రుచి చూపించే గదిలో మా ముందు మూడేసి గ్లాసులు పెట్టారు. తోటివాళ్లు వాసన చూస్తూ, గుటకలు వేస్తూ పొగ, తేనె, సముద్రం అని ఏవేవో పేర్లు చెబుతున్నారు. నేను ముట్టలేదు. కిటికీలోంచి చూస్తే బయట బార్లీ చేను వంగి ఉంది, కోతకు వచ్చింది. ఒకాయన గెట్టు మీద నిలబడి వెన్ను నలిపి గింజ నోట్లో వేసుకొని కొరికి చూస్తున్నాడు. తేమ ఎంతుందో పన్నుతో చూసే ఆ పని మా నాయన చేసేవాడు, నేనూ చేస్తాను. ఆ గదిలో ఉన్నవాళ్లకు గ్లాసులో అన్నీ కనపడ్డాయి, ఆయన మాత్రం కనపడలేదు.

మన పప్పు తినేవాళ్లకు మనం కనపడాలి. దానికి వచ్చే నెల మూడు రోజులు కేటాయించండి. పాసుపుస్తకం, ఆధార్ నకళ్లు తెచ్చుకోండి. కౌలుదార్లు భూమి ఇచ్చిన ఆసామిని వెంట తీసుకురండి.

సెలవు.